చత్వారం ఉంటే వాచీ మోడల్ డైవ్ కంప్యూటర్ వద్దు, పెద్ద స్క్రీన్‌ది తీసుకోండి

స్కూబా డైవింగ్‌కి ఏ డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూసి నీళ్లలో ఇంకెంతసేపు ఉండొచ్చో లెక్కగట్టే పరికరం) కొనాలని అడిగారు కదా. ఏడాదికి ఒకట్రెండు ట్రిప్పులు, 18 మీటర్ల లోపు డైవ్‌లు, రెగ్యులేటర్ (ట్యాంక్ గాలిని నోటికి అందించేది) అద్దెది, పైగా చత్వారం అన్నారు. అలాంటప్పుడు వాచీనా, మణికట్టుకు కట్టుకునే పెద్ద రిస్ట్ మోడలా, గొట్టం చివర ఉండే కన్సోలా అన్న టెన్షనే అక్కర్లేదండీ, పెద్ద రిస్ట్ మోడల్ కొనేయండి.

కన్సోల్‌ని రెగ్యులేటర్ హై ప్రెషర్ హోస్‌కి (గొట్టానికి) బిగించాలి, అద్దె సెట్‌కి ప్రతిసారీ విప్పి బిగించడం ఎవరికి ఓపిక? పైగా చూడాలంటే చేత్తో లాక్కోవాలి. అదే మణికట్టు మీదైతే, ఎడమ చేత్తో ఇన్‌ఫ్లేటర్ (జాకెట్‌లో గాలి నింపే, వదిలే గొట్టం) పైకెత్తి పట్టుకుని నిమిషానికి 9 మీటర్లు దాటకుండా పైకి వస్తున్నప్పుడూ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లోనూ అంకెలు కళ్లెదుటే ఉంటాయి. వాచీ మోడల్ రోజూ పెట్టుకోవడానికి బాగుంటుంది, కాదనను, కానీ మసక నీళ్లలో ఆ చిన్న అంకెలు, గ్లవ్స్‌తో ఆ బుల్లి బటన్లు మీకు చికాకే.

కొనేముందు లోతు, మిగిలిన నో డెకో టైమ్ (పైకి వచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగాల్సిన పని పడకుండా కింద ఉండగలిగే సమయం) ఒకే తెరపై పెద్దగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాళ్లు ఎక్కువున్న గాలి) సెట్టింగ్ ఉండాలి, ఇప్పుడు దాదాపు అన్నిట్లో ఉంటుందిలెండి. బ్యాటరీ మనమే మార్చుకునేదైతే మేలు, కానీ మూత పెట్టేముందు చూసుకోండి, ఓ-రింగ్ (నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు రింగు) మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి పోతాయి. ట్యాంక్ ప్రెషర్ చూపించే ట్రాన్స్‌మిటర్ ఇప్పుడే వద్దు, అద్దె సెట్‌కి మామూలు గేజ్ ఉంటుందిగా.

అన్నట్టు, మీ కంప్యూటర్‌ని బడ్డీతో (జంటగా డైవ్ చేసేవాళ్లతో) పంచుకోకండి. పొద్దున డైవ్‌లో చేతికి ఉన్నదే మధ్యాహ్నం కూడా ఉండాలి, లేకపోతే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ లెక్క దానికి తెలియదు.