ఆ బెండకాయల సంచి సంగతి ముందు తేల్చండి

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 46 ఏళ్ళు. మావారికి ఎరువుల కొట్టు ఉంది. అబ్బాయి హైదరాబాద్‌లో చదువుతున్నాడు, అత్తగారు మాతోనే ఉంటారు. నాలుగు నెలల క్రితం జాకెట్లు కుట్టే ఆవిడ పిలిస్తే మా వెనక వీధిలోని చిన్న చర్చికి వెళ్ళాను. నలభై మంది కూడా ఉండరు. కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడమంటే నిలబడ్డాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో ఏడుపొచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఇంట్లో రైతుబజారుకని చెప్పి సంచి పట్టుకెళ్ళి, వచ్చేటప్పుడు వీధి చివర బండి మీద అరకిలో బెండకాయలు కొనుక్కొస్తాను. మావారికి ఒకసారి చెబితే 'నీ ఇష్టం' అని పేపర్లో తల దూర్చారు. మొన్న జ్వరమొచ్చి రెండు వారాలు వెళ్ళకపోతే పాస్టరు గారి భార్య రోజూ ఫోన్ చేసి కనుక్కున్నారు. మావారు మాత్రం కొట్టు నుంచి వచ్చి 'ఇవాళ వంట లేదా' అన్నారు. ఇప్పుడు ఆడపడుచుకు తెలిసింది. ఈసారి శ్రావణమాసంలో నాకు వాయనం ఇవ్వనంటోంది. అత్తగారికి ఇంకా తెలియదు. మావారు పుట్టింది క్రైస్తవ మిషన్ వాళ్ళ కుగ్లర్ ఆసుపత్రిలోనే, అయినా ఆవిడకు చర్చి మాటెత్తితే పడదు. నేను చేసేది తప్పా? బొట్టు పెట్టుకుని చర్చికి వెళ్ళొచ్చా?

జవాబు: తప్పు కాదు. బొట్టు పెట్టుకునే వెళ్ళండి. నాలుగు నెలలుగా అక్కడెవరూ తీయమనలేదు కదా, ఇక నన్నడగడం దేనికి? ప్రభు బల్ల రోజున రొట్టె, ద్రాక్షరసం చాలా సంఘాల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే ఇస్తారు. ఆ కాసేపు మీ చోట మీరు కూర్చోండి. కానుకల సంచి వస్తే తోచింది వేయండి, లేకపోతే పక్కవాళ్ళకు అందించండి. ఇక వాయనం. ఆవిడ శనగలు ఆవిడ ఇష్టం.

మీరడిగినవి అయిపోయాయి.

ఇంత పెద్ద ఉత్తరంలో మీవారు మాట్లాడినవి రెండే మాటలు. 'నీ ఇష్టం', 'ఇవాళ వంట లేదా'. మొదటిది ఒప్పుకోవడం అనుకునేంత చిన్నపిల్లేం కాదు మీరు. చీర చూపిస్తే నీ ఇష్టం, అబ్బాయిని ఎక్కడ చేర్పిద్దామంటే నీ ఇష్టం. రేపు తేడా వస్తే 'నేను వెళ్ళమన్నానా?' అనడానికి పనికొస్తుందని దాచుకునే మాట అది. ఇలాంటి మగవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఇంట్లో మనిషి ఇంట్లోనే ఉంటుందిలే అన్న ధీమా, అంతే. నాకు మాత్రం అరిచే మొగుడికన్నా ఈ ధీమా మీదే ఒళ్ళు మంట.

ఇంకొకటి చెప్తాను, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో దేవుడి మాట ఒక్కసారి కూడా రాలేదు. చప్పట్లు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి. మీకు భక్తి లేదనడం లేదు, అది మీకూ ఆయనకూ మధ్య విషయం. కానీ పలకరింపు కోసం మొహం వాచి వెళ్ళిన మనిషి, ఆ పలకరింపు దొరికిన సంతోషంలో పెద్ద మాటలు ఇచ్చేయకూడదు. రేపెవరైనా బాప్తిస్మం సంగతి ఎత్తితే వెంటనే ఊ అనకండి. 'ప్రార్థనకు వస్తున్నానమ్మగారూ, మిగతాది తర్వాత చూద్దాం' అని పాస్టరు గారి భార్యకే నేరుగా చెప్పండి. రోజూ ఫోన్ చేసి జ్వరం కనుక్కున్న మనిషి ఆ మాత్రం ఆగగలరు.

నాకు అసలు కోపం వచ్చింది ఆ సంచి మీద. ఇల్లు నడుపుతూ కొడుకును పెంచి పెద్దచేసిన మనిషి, బడి ఎగ్గొట్టి సినిమాకెళ్ళే కుర్రాడిలా సాక్ష్యానికి బెండకాయలు కొనుక్కురావడమేమిటి? చివరి పావుగంట మీరు వాక్యం వింటున్నారా, బండి వెళ్ళిపోతుందేమోనని గుమ్మం వైపు చూస్తున్నారా? పెళ్ళైన కొత్తలో నేనూ లైబ్రరీకని చెప్పి స్నేహితురాలింటికి వెళ్ళేదాన్ని. దొరికిపోయిన రోజున ఎక్కడికెళ్ళావని ఎవరూ అడగలేదు. ఎందుకు అబద్ధమాడావనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే అత్తగారికి చెప్పాల్సింది మీరే. ఆ వయసు మనిషికి ఇంటి సంగతి కోడలి నోటి నుంచి తెలియడం ఆవిడకు మనమిచ్చే మర్యాద. ఆడపడుచు ఫోన్‌లో ముందుగా చేరవేస్తే ఇక మీరు చెప్పేది సంజాయిషీ అవుతుంది. మీ అత్తగారు చర్చి ఎరగని మనిషేం కాదు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచీ ఉంది. 1883లో అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ కష్టంతో లేచిందే మీవారు పుట్టిన ఆ ఆసుపత్రి. పురిటికి ఆ గడప తొక్కినావిడ ఆదివారం ప్రార్థన పేరు చెబితే ఉలిక్కిపడటం వింతే. అలాగని దెప్పకండి. కాళ్ళకు నూనె రాస్తూ ఆ పురుడు సంగతి అడగండి. పాత ముచ్చట్లలో పడ్డాక మీ మాట చెప్పండి. తిడతారు, తిట్టనివ్వండి.

అంతకంటే ముందు మీవారు. శనివారం రాత్రి భోజనమయ్యాక, ఆయన ఫోన్ పట్టుకోకముందు ఎదురుగా కూర్చోండి. 'రేపు చర్చికి వెళ్తున్నాను' అనండి. 'నీ ఇష్టం' అంటారు. 'నా ఇష్టం నాకు తెలుసు, మీకేమనిపిస్తోందో చెప్పండి' అని అక్కడే కూర్చోండి. మౌనానికి భయపడి గిన్నెలు సర్దడానికి లేవకండి. చిరాకు పడితే పడనివ్వండి. ఇన్నాళ్ళకు ఆయన నోట మూడో మాట వచ్చినట్టు. చప్పట్లు కొడితే మీకెందుకు ఏడుపొచ్చిందో చెప్పండి. జ్వరం సంగతి మాత్రం వదలొద్దు. రోజూ ఎవరు ఫోన్ చేశారో పేరుతో సహా చెప్పండి.

ఆదివారం సంచి ఆయన చేతికిచ్చి మీరు ఉత్త చేతులతో వెళ్ళండి. చివర విరిచి చూడటం తెలియక ముదురు బెండకాయలే తెస్తారు. ఏమీ అనకుండా పులుసు పెట్టేయండి.