మొదటి పదకొండు మంది ఎవరు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యూరప్‌లో ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే ఆగస్టు దగ్గర పడేసరికి మా అనంతపురం ఆఫీసుకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే రకంగా ఉంటున్నాయి: మొదటి మ్యాచ్‌కు ఎవరు దిగుతారు, దాన్ని ముందే ఎలా కనిపెట్టాలి. అందుకే ఈసారి వాటినే తీసుకున్నాను. స్పెయిన్ క్లబ్ బార్సిలోనా గురించి ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే అడిగినవాళ్లలో ఎక్కువమంది వాళ్ల అభిమానులే. మన జిల్లాకు ఆ ఊరు పరాయిది కూడా కాదు. 1969లో ఇక్కడికి వచ్చి ఆర్డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మొదలుపెట్టిన ఫాదర్ ఫెర్రర్ 1920లో పుట్టింది బార్సిలోనాలోనే.

ప్రశ్న: అన్నా, ప్రతి ఏడాదీ రూమ్‌లో నలుగురం కూర్చుని బార్సిలోనా మొదటి మ్యాచ్ లైనప్ (మొదట దిగే పదకొండు మంది) రాసుకుంటాం. ప్రీ సీజన్ మ్యాచ్‌లు ఒక్కటి కూడా వదలకుండా చూసి రాసినా ముగ్గురో నలుగురో తప్పుతారు. మేం ఎక్కడ పొరపాటు పడుతున్నాం? (డిగ్రీ విద్యార్థి, ఉరవకొండ)

జవాబు: తమ్ముడూ, మొదలుపెట్టే చోటే పొరపాటు పడుతున్నారు. ఎవరు బాగా ఆడుతున్నారు అని ముందు చూస్తున్నారు. ఎవరు ఆడలేరు అన్నది ముందు చూడాలి. జట్టులో ఉన్న పాతిక మంది పేర్లూ ఒక కాగితం మీద రాసి, దిగే వీల్లేని వాళ్లను కొట్టేసుకుంటూ వస్తే సగం పని అక్కడే అయిపోతుంది. మిగిలిన పేర్ల దగ్గరే అసలు ఆలోచన కావాలి.

2024 ఆగస్టు సంగతి చెప్తాను, ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. హాన్సీ ఫ్లిక్ కొత్తగా కోచ్‌గా వచ్చాడు, మొదటి మ్యాచ్ ఆగస్టు 17న వలెన్సియాలో. ముందు కొట్టివేతలు. గావికి 2023 నవంబర్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. ఫ్రెంకీ డి యోంగ్‌కు ఏప్రిల్ నుంచి చీలమండ బాగాలేదు. అరౌహో దక్షిణ అమెరికా దేశాల పోటీ కోపా అమెరికాలో దెబ్బ తగిలించుకుని వచ్చాడు. పెద్రికి యూరప్ దేశాల పోటీ యూరో క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ మీద ఆడుతూ మోకాలికి తగిలింది కాబట్టి మొదటి నిమిషం నుంచి దింపరు. ఫెర్మిన్ ఆగస్టు 9న పారిస్‌లో ఒలింపిక్స్ బంగారు పతకం గెలిచి వచ్చాడు, వారంలో మళ్లీ దింపడం కష్టం. జర్మనీ క్లబ్ లైప్‌జిగ్ నుంచి కొన్న డానీ ఓల్మో ఒంట్లో బాగానే ఉన్నాడు కానీ లీగ్‌లో అతని పేరు ఇంకా నమోదు కాలేదు. ఈ ఆఖరిదే చాలామంది మర్చిపోతారు. స్పెయిన్ లీగ్ అయిన లా లీగాలో ప్రతి క్లబ్‌కూ జీతాలకు ఒక పరిమితి ఉంటుంది, ఆ లెక్క కుదరకపోతే ఎంత డబ్బు పోసి కొన్న ఆటగాడైనా గ్యాలరీలో కూర్చోవాల్సిందే. ఓల్మో మొదటి రెండు మ్యాచ్‌లు అలాగే పోగొట్టుకున్నాడు, మూడోదానికి దిగి రాయో వల్లెకానో మీద గెలుపు గోల్ కొట్టాడు.

ఆరుగురు పోయారు. మిగిలినవాళ్లతో నేను రాసిన జట్టు ఇది: తెర్ స్టెగెన్, కూందే, కుబార్సీ, క్రిస్టెన్సన్, బాల్దే, కసాడో, గుండోగన్, యమాల్, రఫీన్యా, పావ్ విక్టర్, లెవాండోవ్‌స్కీ. ఆ మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకు. కరెంటు పోయింది, మేడ మీద చాప వేసుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాను. లైనప్ వచ్చింది. పెన్సిల్‌తో ఒక్కో పేరు పక్కన టిక్ పెట్టుకుంటూ వస్తే ఎనిమిది కలిశాయి. క్రిస్టెన్సన్ బదులు ఇన్యిగో మార్టినెజ్, పావ్ విక్టర్ బదులు ఫెర్రాన్ టోరెస్. ఇక గుండోగన్ స్థానంలో మార్క్ బెర్నాల్ అని ఉంది. పదిహేడేళ్ల పిల్లాడు! ఆ పేరు నా కాగితం మీద ఏ మూలా లేదు.

ఈ మూడు తప్పుల్లో పావ్ విక్టర్‌ది మీకు పనికొస్తుంది, మీరూ అదే తప్పు చేస్తున్నారు. ముందు ఏడాది బి టీమ్‌లో ఆడినవాడు, అమెరికా టూర్‌లో మాంచెస్టర్ సిటీ మీద ఒకటి, రియల్ మాడ్రిడ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఆ రెండు మ్యాచ్‌లు చూసినవాళ్లెవరైనా ఇతను ఖాయం అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ ఆ టూర్‌లో యమాల్ లేడు, ఫెర్రాన్ లేడు, జులై 14న యూరో ఫైనల్ దాకా స్పెయిన్ జట్టుతో ఉండి వాళ్లు సెలవుల్లో ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చాక ఖాళీలు నిండిపోయాయి, పావ్ విక్టర్ సీజన్‌లో ఎక్కువగా బెంచ్ నుంచే వచ్చాడు. అతని ఆటలో లోపం ఏమీ లేదు. ప్రీ సీజన్‌లో ఎవరు గోల్ కొట్టారన్నది కాదు, ఆ రోజు ఎవరెవరు లేనందువల్ల అతనికి చోటు దొరికింది అన్నది రాసుకోండి.

ఫ్రెండ్లీలో, అంటే పాయింట్లు లేని ఈ ప్రీ సీజన్ మ్యాచ్‌ల్లో, స్కోరు కూడా పట్టించుకోవద్దు. అదే ఆగస్టు 12న సొంత ఊళ్లో మొనాకో చేతిలో 3-0తో ఓడిపోయారు, ఐదు రోజుల తర్వాత వలెన్సియాలో 2-1తో గెలిచారు. రెండు గోల్స్ లెవాండోవ్‌స్కీవే.

బెర్నాల్ సంగతి నేనూ ఆలస్యంగానే అర్థం చేసుకున్నాను. ఫ్రెండ్లీల్లో అతను గోల్ కొట్టలేదు కాబట్టి నా కళ్లు అతని మీద నిలవలేదు. కానీ ఫ్లిక్ అతణ్ని మళ్లీ మళ్లీ నడిమైదానంలోనే, అదే స్థానంలో పెట్టి ఆడించాడు. కోచ్ ఒక పిల్లాణ్ని అటూ ఇటూ జరపకుండా ఒకే చోట పెట్టి ఆడిస్తున్నాడంటే ఆ చోటు అతనికి ఇచ్చేశాడనే అర్థం. పాపం, ఆ బెర్నాల్ మూడో మ్యాచ్‌లోనే, ఓల్మో గోల్ కొట్టిన ఆ రాయో మ్యాచ్ చివర్లోనే, మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. ఆ రాత్రి గెలిచారన్న సంతోషమే లేకుండా పోయింది నాకు.

ఇంకొక్క మాట. గోల్‌కీపర్, అతని ముందు నడిమధ్య కాచే ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు, వాళ్ల ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్, పైన స్ట్రైకర్, ముందు వీళ్ల పేర్లు రాయండి. అది జట్టుకు వెన్నెముక. వింగర్ల (పక్కల నుంచి దాడి చేసేవాళ్ల) దగ్గర కోచ్‌లు మనసు మార్చుకుంటారు కానీ వెన్నెముక దగ్గర తొందరగా మార్చుకోరు. నేను క్రిస్టెన్సన్ పేరు రాసింది అతను మంచి డిఫెండర్ అని. కానీ ఇన్యిగో ఎడమకాలి ఆటగాడు, కుడికాలి కుబార్సీ పక్కన ఎడమవైపు నిలబడి బంతిని ముందుకు అందించడానికి అతనే సరిపోతాడు. ఎవరు గొప్ప అని కాదు, ఎవరి పక్కన ఎవరు సరిపోతారు అని చూస్తే నాకు తొమ్మిది కలిసేవి.

ప్రశ్న: సార్, ఒక గ్రూపులో 500 కడితే మ్యాచ్‌కు ఒక రోజు ముందే అసలు లైనప్ ఇస్తామంటున్నారు. మా ఫ్రెండ్ కట్టాడు కూడా. నమ్మొచ్చా? (కర్నూలు)

జవాబు: కట్టొద్దు. లైనప్ అధికారికంగా వచ్చేది మ్యాచ్‌కు సుమారు గంట ముందు, అది అందరికీ ఉచితంగానే దొరుకుతుంది. ఒక రోజు ముందు చెప్పేవాళ్లు చేసేది పైన మనం చేసిన ఊహే, దానికి మీ దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఇలాంటి గ్రూపులు చాలావరకు మెల్లగా బెట్టింగ్‌లోకి లాగుతాయి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్ మీద 2020లోనే నిషేధం వచ్చింది, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. మీ ఫ్రెండ్‌ను కూర్చోబెట్టి ఈరోజే మాట్లాడండి. ఐదు వందలు పోతే పోయాయి, తర్వాతవి పోకుండా చూడండి.

ప్రశ్న: యూరప్ సరే, మన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్ల లైనప్ ఊహించాలంటే కూడా ఇదే పద్ధతా? (ఆదోని)

జవాబు: ఇక్కడ ఒక లెక్క ఎక్కువ ఉంటుంది, దానివల్ల పని సులువవుతుంది. 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకు మించి ఉండకూడదన్న నియమం పెట్టారు. అంటే కనీసం ఏడుగురు మనవాళ్లు ఉండాలి. గోల్‌కీపర్‌గా దాదాపు ప్రతి జట్టూ మనవాణ్నే పెడుతుంది. విదేశీయుల్ని ఎక్కడ పెడతారో చూస్తే జట్టు సగం తేలిపోతుంది, సాధారణంగా ఒక సెంటర్ బ్యాక్, ఒక మిడ్‌ఫీల్డర్, ఒక స్ట్రైకర్, నాలుగో చోటు మ్యాచ్‌ను బట్టి మారుతుంది.

ఆ ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ సరిగ్గా అలాగే ఆడింది. వెనక స్పెయిన్ నుంచి వచ్చిన హువానన్, మధ్యలో బ్రెజిల్ ఆటగాడు జోవావ్ విక్టర్, ముందు నైజీరియా ఒగ్బెచె. ఒగ్బెచె 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. కోచ్ మనోలో మార్కెజ్, ఆయనదీ బార్సిలోనానే. ఆ జట్టులో మన కుర్రాళ్ల పేర్లు వారం వారం పెద్దగా మారలేదు, అందుకే ఊహించడం తేలికగా ఉండేది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఓడిపోతున్నారు అనుకునే సమయంలో, 88వ నిమిషంలో స్కోరు సమం చేసిన సాహిల్ తవోరా మొదటి పదకొండు మందిలో లేడు, బెంచ్ మీద నుంచి వచ్చాడు. తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపి కప్ తెచ్చాడు. అప్పుడు తెలుగు ఊరి పేరున్న ఒక జట్టు దేశంలో గెలిచింది అన్న సంబరం మా వీధిలో నేను కళ్లారా చూశాను. ఇప్పుడు ఐదుగురిని మార్చుకోవచ్చు కాబట్టి పదకొండు పేర్ల కింద ఇంకో ఐదు పేర్లు రాసే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: అన్నా, నేను హాస్టల్‌లో ఉండి ఫుట్‌బాల్ ఆడతాను. అందరూ మగవాళ్ల జట్ల గురించే రాస్తారు. ఆడవాళ్ల జట్లలో మొదటి పదకొండు ఊహించడం ఎలాగో ఒక్కసారైనా రాయండి. (ఇంటర్ విద్యార్థిని, కడప)

జవాబు: రాయకపోవడం మా తప్పే చెల్లీ. పద్ధతి అదే, కానీ ఒక్క విషయం ఇంకా గట్టిగా పట్టుకోవాలి. ఆడవాళ్ల ఆటలో మోకాలి లిగమెంట్ గాయాలు మగవాళ్లకంటే ఎక్కువ, కాబట్టి గాయాల వార్తలు చివరి రోజు దాకా చూడాలి. 2022 జులైలో ఆడవాళ్ల యూరో మొదలవడానికి ఒక్క రోజు ముందు ప్రాక్టీసులో స్పెయిన్ క్రీడాకారిణి అలెక్సియా పుటెయాస్‌కు అదే జరిగింది. అప్పటికి ప్రపంచంలో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. స్పెయిన్ లైనప్ ఊహించినవాళ్లందరి కాగితాలూ ఒక్క సాయంత్రంలో పనికిరాకుండా పోయాయి.

2025 యూరోకు ముందు అదే స్పెయిన్ జట్టులోని ఐతానా బొన్మాతీ వైరల్ మెనింజైటిస్‌తో ఆసుపత్రిలో పడింది. పోర్చుగల్‌తో మొదటి మ్యాచ్‌కు ఆమె పేరు లైనప్‌లో లేదు, చివర్లో కాసేపు దిగింది. అదే అమ్మాయి సెమీఫైనల్‌లో జర్మనీ మీద అదనపు సమయంలో గోల్ కొట్టి జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లింది. మీ హాస్టల్‌లో ఎవరైనా జ్వరం వచ్చి మొదటి మ్యాచ్ పోగొట్టుకుని బాధపడుతుంటే ఈ సంగతి చెప్పు. నువ్వు ఏ పొజిషన్‌లో ఆడతావో ఈసారి రాయి, ఆ పొజిషన్‌లో ఎవరిని చూసి నేర్చుకోవాలో చెప్తాను.

ప్రశ్న: నేను పీఈటీని. మా స్కూల్‌లో పదహారు మంది పిల్లలు ఆడతారు. టోర్నమెంట్‌కు పదకొండు మందిని ఎంచే రోజు నాకే రాత్రంతా నిద్ర పట్టదు. పిల్లలు వారం ముందు నుంచే ఎవరుంటారో వాళ్లలో వాళ్లు లిస్టులు రాసుకుంటున్నారు. దాన్ని ఆపాలా? (కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె)

జవాబు: ఆపొద్దు మాస్టారూ. ఆ లిస్టులు అడిగి తీసుకుని చదవండి. పదహారు లిస్టుల్లోనూ ఉన్న పేర్లు మీ వెన్నెముక, వాళ్ల గురించి మీరు ఆలోచించే పనే లేదు. రోజూ కలిసి ఆడే పిల్లలకు ఎవరు బంతి ఇస్తారో, ఎవరు ఇవ్వరో గీత బయట నిలబడ్డ మనకంటే బాగా తెలుస్తుంది. ఒక్కడి లిస్టులోనే ఉన్న పేరు కనిపిస్తే, ఎందుకు రాశావని ఆ పిల్లాణ్ని అడగండి. మీకు కనపడనిది వాడికి ఏదో కనపడి ఉంటుంది.

చిన్నప్పుడు నాకు జరిగింది చెప్తాను. మ్యాచ్ రోజు పొద్దున ఎర్రమట్టి గ్రౌండ్‌లో సున్నం గీతలు అప్పుడే గీశారు. లేసులు ముడివేసి బూట్లు మెడలో వేలాడేసుకుని గీత పక్కన నిలబడ్డాను. మా సార్ జేబులోంచి చీటీ తీసి పదకొండు పేర్లు చదివి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నా పేరు లేదు. ఎందుకు లేదో ఆ రోజు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ఆ బూట్ల ముడి విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లాను, మళ్లీ రెండు నెలలు గ్రౌండ్‌కు పోలేదు.

కాబట్టి మిగిలిపోయే ఐదుగురికి ముందు రోజు సాయంత్రమే, అందరి ముందు కాకుండా ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెప్పండి. ఏది మెరుగుపడితే చోటు దొరుకుతుందో ఒక్క విషయం చెప్పండి, ఎడమకాలితో పాస్ కావచ్చు, వెనక్కి పరిగెత్తడం కావచ్చు. ఏ నిమిషం తర్వాత దింపాలనుకుంటున్నారో కూడా చెప్పండి, చెప్పాక తప్పకుండా దింపండి. మ్యాచ్ అయ్యాక ఏమైందో మాకు రాయండి, పిల్లల లిస్టుల్లో ఎన్ని కలిశాయో కూడా.