రోజుకొక బొమ్మ వేయలేకపోతున్నాను

ప్రశ్న: రోజుకొక బొమ్మ వేయాలని జనవరి 1న నిర్ణయించుకున్నాను. సంక్రాంతి సెలవులు అయ్యేసరికే ఉత్సాహం పోయింది. ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య కుంచె పట్టబుద్ధి కావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, రోజుకొకటి అనే లెక్కే మిమ్మల్ని అలసగొట్టింది. ముందు దాన్ని వదిలేయండి. నేను శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తాను. మా పనిలో ఆ లెక్క కుదరదు. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టాలి. పాలు పట్టకపోతే రంగు పాకిపోతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో నానబెట్టి చేసే కసిమి అనే నల్ల రంగు సిద్ధం కావడానికే వారాలు పడుతుంది. అది కలం నుంచి పలుచగా దిగి, గుడ్డలోని కరక్కాయ తగిలాకే నల్లబడుతుంది. ఒంట్లో ఓపిక లేనినాడు గీత వణుకుతుంది, చెరిపే వీలుండదు. ఆ రోజు నేను కలానికి ఉన్ని చుట్టుకుంటాను, గుడ్డ ఉతుక్కుంటాను. అదీ చిత్రకారుడి పనే.

మీరు వారానికి రెండు సాయంత్రాలు బొమ్మకు ఉంచుకోండి. ఆ పూట వంట ఎవరు చూస్తారో ఇంట్లో ముందే గట్టిగా తేల్చుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు. అలసిన రోజు కాగితం కోసుకోండి, కుంచెలు కడుక్కోండి. ఉగాదికి ఒక్క బొమ్మ పూర్తయినా నాకు పంపండి, చూడాలని ఉంది.