ఫెలోషిప్ వచ్చింది సరే, మొదటి ఆరు నెలలు ఎలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58 వేలు వస్తాయి. సోషియాలజీలో యూజీసీ నెట్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. వాతావరణ మార్పులు, సముద్రపు కోత వల్ల దెబ్బతింటున్న మత్స్యకార గ్రామాలపై ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు దొరికింది. అమ్మ, నేను ఉప్పల్‌లో అద్దెకుంటున్నాం. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 28 వేలు. పర్సనల్ లోన్ ఈఎంఐ 11,500, ఇంకా 16 నెలలుంది. ఎఫ్‌డీల్లో 5 లక్షలున్నాయి. ఉద్యోగం మానేయవచ్చా? ఫీల్డ్‌వర్క్‌కి ఎడ్యుకేషన్ లోన్ తీసుకోనా?

జవాబు: ఉద్యోగం మానేయవచ్చు. ఎడ్యుకేషన్ లోన్ మాత్రం వద్దు.

జేఆర్‌ఎఫ్ కింద మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక 42 వేలు వస్తాయి. చదువు ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్ కాబట్టి సాధారణంగా పన్ను ఉండదు. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మంజూరయ్యేదాకా లెక్కలో వేసుకోకండి. హాస్టల్ గది ఇస్తామన్నా మీరు వద్దంటే హెచ్‌ఆర్‌ఏ కోల్పోతారు. మీరు అమ్మగారితో ఉండాలి కాబట్టి ఈ విషయం చేరేరోజే ఆఫీసులో తేల్చుకోండి. ఫెలోషిప్ తీసుకుంటూ బయట జీతానికి పనిచేయడం కుదరదు, అందుకని పార్ట్‌టైమ్ ఆదాయం మీద ఆశ పెట్టుకోవద్దు.

అసలు చిక్కు డబ్బు చేతికి వచ్చే తీరులో ఉంది. జాయినింగ్ రిపోర్టు, యూనివర్సిటీ పరిశీలన, యూజీసీ ఆమోదం అయ్యాకే కెనరా బ్యాంక్ పోర్టల్ ద్వారా ఆధార్‌తో లింకైన ఖాతాలో పడుతుంది. తొలి చెల్లింపుకే నెలలు పట్టొచ్చు. బకాయి తర్వాత ఒకేసారి వస్తుంది గానీ ఇంటి ఓనరు అప్పటిదాకా ఆగడు కదా. ఆ తర్వాతా యూనివర్సిటీలో మేకర్ (పోర్టల్‌లో వివరాలు నమోదు చేసేవారు), చెకర్ (వాటిని సరిచూసేవారు) ఇద్దరూ ప్రతినెలా మీ హాజరు ధ్రువీకరించాలి. ఒకరు సెలవులో ఉంటే ఆ నెల డబ్బు ఆగిపోవచ్చు. రెండేళ్లకు ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మారడానికి కమిటీ మదింపు కావాలి. గైడ్‌తో మాట్లాడి ఆ తేదీని మూడు నెలల ముందే ఖరారు చేయించుకోండి.

ఇక మీ లెక్క. 37 వేలల్లో ఇంటి ఖర్చు పోను 9 వేలు మిగులుతాయి, ఈఎంఐకే చాలవు. పర్సనల్ లోన్‌లో ఇంకా తీర్చాల్సిన అసలు దాదాపు 1.7 లక్షలు ఉండొచ్చు. జీతం వస్తుండగానే ఎఫ్‌డీతో మూసేయండి. మిగిలిన వడ్డీ సుమారు 15 వేలే కాబట్టి, బ్యాంకు ముందస్తు ముగింపు చార్జీ, దానిపై 18 శాతం జీఎస్టీ ఎంతవుతాయో రాతపూర్వకంగా అడగండి. వడ్డీ ఆదా పెద్దగా లేకపోయినా, నెలనెలా పడే లోటు తప్పుతుంది. లోన్, చార్జీలు పోను మిగిలే సుమారు 3.2 లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు 1.68 లక్షలు విడిగా పెట్టండి, దాన్ని వేరే దేనికీ ముట్టుకోవద్దు.

ఫీల్డ్‌వర్క్‌కి 60 వేలు పక్కన పెట్టండి. సోషల్ సైన్సెస్‌కి కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకు ఫెలోషిప్‌తో పాటు ఇచ్చే గ్రాంటు) మొదటి రెండేళ్లు ఏడాదికి 10 వేలే, ఆ తర్వాత 20,500. కాకినాడ దగ్గర సముద్రపు కోతకు గురవుతున్న ఉప్పాడ లాంటి చోట రెండు నెలలు గది, భోజనం, ఆటోలకు నెలకు 20 వేలు వేసుకోండి. మిగతా 20 వేలు తుపానుల కాలంలో మళ్లీ వెళ్లడానికి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలకు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. అందుకే మీ పెద్ద ఖర్చంతా ఆ 61 రోజుల్లోనే పడుతుంది. డబ్బు మార్చికల్లా సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. పల్లెలో గదికి, ఆటోకి బిల్లులివ్వరు. తేదీ, మొత్తం, సంతకంతో వోచర్ రాయించుకోండి. 5 వేలు దాటితే రెవెన్యూ స్టాంపు అంటించాలి. అకౌంట్స్ సెక్షన్ ఏ నమూనా ఒప్పుకుంటుందో బయలుదేరేముందే కనుక్కోండి, లేకపోతే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.

పీఎఫ్ తీయకండి. సర్వీసు ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. ఖాతాలో ఉంచితే వడ్డీ వస్తూనే ఉంటుంది, అయితే ఉద్యోగం మానేశాక జమయ్యే వడ్డీకి పన్ను కట్టాలి.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా సాధారణంగా మీ చివరి పనిరోజుతో ఆగిపోతుంది. రాజీనామాకు ముందే అమ్మగారికీ మీకూ సొంత పాలసీ తీసుకోండి, ప్రీమియం మిగిలిన 90 వేలల్లోంచి కట్టొచ్చు. అమ్మగారికి బీపీ, షుగర్ ఉంటే దరఖాస్తులో తప్పక రాయండి. దాచిపెడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ముందునుంచే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా మూడేళ్లు. కాబట్టి ఆఫీసు పాలసీనే అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుందేమో హెచ్‌ఆర్‌ని ఇప్పుడే అడగండి.