జెర్బిల్ చేతికి మచ్చిక కావాలంటే ఏం చేయాలి?

కొత్తగా తెచ్చిన జెర్బిల్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) చెయ్యి పెట్టగానే పారిపోతోందంటే అది మొండిది కాదు, భయపడుతోంది. పైనుంచి దిగే చెయ్యి దానికి మీద పడబోయే గద్దలాంటిది. అందుకే చేతిని పక్కనుంచి, నేలకు ఆనించి పెట్టండి.

మొదటి రెండు మూడు రోజులు ముట్టుకోకుండా, బోను దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడితే చాలు. తర్వాత అరచేతిలో ఒక పొద్దుతిరుగుడు గింజ ఉంచి, చెయ్యి కదపకండి. గింజ లాక్కుని పరుగెత్తినా మళ్లీ వస్తుంది. వీటికి కుతూహలం చాలా ఎక్కువ. ఈ గింజల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి కొద్దిగానే పెట్టండి. తనంతట తాను చేతి మీదికి ఎక్కేదాకా పట్టుకోవద్దు. ఇది వారాలు పట్టినా తొందరపెట్టకండి. ఎక్కాక దోసిలిలో పట్టి, నేలకు దగ్గరగానే ఎత్తండి. కంగారుపడితే దూకేస్తాయి.

తోక పట్టుకుని మాత్రం ఎప్పుడూ ఎత్తకండి. దాని చర్మం ఊడి వచ్చేస్తుంది, మళ్లీ పెరగదు. వెనక కాళ్లతో నేలను టపటపా కొడుతుంటే చాలాసార్లు టెన్షన్‌లో ఉన్నట్టే, ఆ పూటకి వదిలేయండి. నిద్రలో లేపడం కూడా మంచిది కాదు.

జెర్బిళ్లు గుంపుగా బతికే జీవులు. జంటగా ఉంటే సాధారణంగా ధైర్యం ఉన్నది ముందు వస్తుంది. బెరుకుగా ఉన్నదాన్ని దాని వేగంతోనే రానివ్వండి.