అట్లాంటిస్‌ను వినిపించు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన శ్రవ్య నాటకం మొదటి భాగం చదివాను. ముగ్గురు కాలయాత్రికులు ప్రాచీన గ్రీకు కథలోని ద్వీప నగరం అట్లాంటిస్ రేవులో దిగడం, వాళ్ల యంత్రం అక్కడే మొరాయించడం, ఆ నగరం ఏ రాత్రి మునిగిపోతుందో వాళ్లకు ముందే తెలిసి ఉండడం... కథ గట్టిగా ఉంది, సందేహం లేదు. నాకు నచ్చనిది ఒకే ఒక్క చోటు. యంత్రం తలుపు తెరుచుకోగానే నీ కథానాయిక, "ఆహా, ఎంత అద్భుతమైన నగరం! తెల్లరాయి, నల్లరాయి, ఎర్రరాయి కలిపి కట్టిన భవనాలు! చుట్టూ వలయాల్లాంటి కాలువలు!" అంటుంది. పక్కనే నిలబడి అవే చూస్తున్న మనిషికి ఎవరైనా ఇలా చెబుతారా? ఆ మాటలు తన కోసమేనని శ్రోత ఇట్టే పసిగడతాడు. ఇక నగరం ఉండదు, మైకు ముందు కాగితం పట్టుకున్న నటి మాత్రమే ఉంటుంది.

కళ్లకు కనిపించేదాన్ని పాత్రలతో వర్ణింపజేయకు. అక్కడి మనుషులు ఏం చేస్తున్నారో వినిపించు. ఇందులో నీకు అందరికన్నా ఎక్కువ సాయం చేసేవాడు గ్రీకు తత్వవేత్త ప్లేటో. సారాంశాలు పక్కన పెట్టి అతను రాసిన 'టిమేయస్', 'క్రిటియాస్' రెండూ నెమ్మదిగా చదువు. క్రీస్తుపూర్వం 360 ప్రాంతంలో రాసిన ఆ సంభాషణలే అట్లాంటిస్ కథకు మూలం. స్ఫటికాలతో నడిచే యంత్రాలు, ఎగిరే ఓడలు వాటిలో ఎక్కడా లేవు, అవన్నీ తర్వాతివాళ్లు చేర్చినవి. నీ స్క్రిప్టులో కూడా ఒక ఎగిరే ఓడ ఉంది, తీసెయ్యి. ప్లేటో ఇచ్చింది అంతకన్నా గొప్పది. దేశదేశాల ఓడలతో, వర్తకులతో నిండిన ఆ రేవులో మనుషుల గొంతులు, చప్పుళ్లు పగలూ రాత్రీ ఆగేవి కావంటాడు. రెండు వేల ఏళ్లకు పైబడిన పుస్తకం నీ మొదటి దృశ్యానికి సౌండ్ ఎఫెక్టులు రాసిపెట్టింది!

కాబట్టి తలుపు తెరుచుకోగానే ఆ హోరు ఒక్కసారిగా మీద పడాలి. ఆ హోరులోంచి ఒక గొంతు మనకు దగ్గరగా రావాలి. "తాడు వదలకు! లాగి పట్టు!" అని ఒక కూలీ. "ఈ తగరమంతా రెండో గోడకే పోతుందట, మాకు పళ్లెం చేసుకోవడానికి కూడా మిగలదు" అని ఒక వర్తకుడు. బయటి గోడకు కంచు, దాని లోపలి గోడకు తగరం, నడిమి కోట గోడకు నిప్పులా మెరిసే ఓరికాల్కం అనే లోహం పూత పూశారని ప్లేటో రాశాడు. ఆ సంపదంతా ఒక వర్తకుడి సణుగుడులో వచ్చేస్తుంది. నీ కథానాయిక మాట్లాడనక్కర్లేదు. మాట్లాడితే, "ఇంత చప్పుడులో మన తలుపు శబ్దం ఎవరికీ వినిపించలేదు, పద" అంటే చాలు.

శబ్ద నాటకానికి చీకటి ఎంత బలమో 1924లోనే తెలిసింది. ఆ ఏడాది జనవరిలో బీబీసీ ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూస్ నాటకం బొగ్గు గనిలో దీపాలు ఆరిపోవడంతో మొదలవుతుంది. పాత్రలకూ ఏమీ కనిపించదు, శ్రోతలకూ కనిపించదు. నీకూ అలాంటి దృశ్యం ఒకటి సిద్ధంగా ఉంది. అట్లాంటిస్‌ను ఏలే పది మంది రాజులు ఒకసారి ఐదో ఏట, మరోసారి ఆరో ఏట సమావేశమవుతారు. సముద్ర దేవుడు పొసైడన్ ఆలయంలో వదిలిన ఎద్దును ఇనుప ఆయుధం ముట్టకుండా కర్రలతో, ఉచ్చులతో పట్టి బలి ఇస్తారు. చీకటి పడ్డాక నీలి వస్త్రాలు కట్టుకుని, ఆలయంలోని మంటలన్నీ ఆర్పేసి, బలి నిప్పుల పక్కన నేల మీద కూర్చుని ఒకరి మీద ఒకరు తీర్పులు చెప్పుకుంటారు. నీ యాత్రికులను ఆ చీకట్లో ఒక స్తంభం వెనక దాచు. ఎద్దు డెక్కల చప్పుడు రాతి నేల మీద ముందు దూరంగా, తర్వాత బాగా దగ్గరగా వినిపించాలి.

తీర్పులు అయ్యాక ఒక రాజు మామూలుగా, "ఆరేళ్ల తర్వాత మళ్లీ కలుద్దాం" అంటాడు అనుకో. ఆ ఆరేళ్లు రావని నీ యాత్రికులకు తెలుసు, శ్రోతకూ తెలుసు. నాటకం మొత్తానికి ప్రాణం ఇక్కడ ఉంది. భూకంపం, వరద చివరి పది నిమిషాలకు సరిపోతాయి. అంతకు ముందంతా రేపటి గురించి మాట్లాడే మనుషుల మధ్య, రేపు లేదని తెలిసినవాళ్లు నోరు కట్టుకుని తిరగడమే నీ కథ. నీ స్క్రిప్టులో ఇది ఒక్కచోటే ఉంది, అదీ రేవులోని పిల్లవాడు పడవ నేర్పుతానన్నప్పుడు. ప్రతి దృశ్యంలోనూ ఉండాలి. అయితే ఒక జాగ్రత్త: మౌనం మైకులో పడదు. కథానాయిక మాట రాక ఆగిపోయిందని శ్రోతకు ఎలా తెలియాలి? ఆ పిల్లవాడు, "ఏమిటక్కా, నేర్చుకోవా?" అని మళ్లీ అడగాలి.

కాలాన్ని మార్చగలరా, లేదా అన్నది రెండో భాగం రాయడం మొదలుపెట్టకముందే తేల్చుకో. నా మటుకు నాకు మార్చలేకపోవడమే ఇష్టం. అప్పుడు నగరం మునగక తప్పదు, కానీ కొందరినైనా దాటించడానికి వీలుంటుంది. భయంకరమైన ఒక్క పగలు, ఒక్క రాత్రిలో ద్వీపం సముద్రంలో కలిసిపోయిందని మాత్రమే ప్లేటో చెప్పాడు. ఒక్క పడవైనా బయటపడిందని రాయలేదు, పడలేదనీ రాయలేదు. పైగా 'క్రిటియాస్' అసంపూర్తిగా ఉంది. దేవతల రాజు జ్యూస్ దేవతలందరినీ పిలిచి మాట్లాడబోతాడు, వాక్యం అక్కడే తెగిపోతుంది. ఇంతకన్నా స్వేచ్ఛ ఏ నాటకకర్తకు దొరుకుతుంది? ఇదివరకే ఎవరో రాశారన్న బెంగ పెట్టుకోకు. బ్రిటిష్ టీవీ ధారావాహిక 'డాక్టర్ హూ' 1967లో ఒకసారి, 1972లో మరోసారి ఈ నగరాన్ని నాశనం చేసింది. రెండు కథలకూ పొంతన లేదు, ఆ ధారావాహికకు నష్టమూ రాలేదు.

అదే ధారావాహికలో కాలయంత్రం శబ్దం ఎలా పుట్టిందో తెలుసుకో. 1963లో బ్రయన్ హాడ్జ్‌సన్ ఒక పాత పియానో మంద్ర తీగల మీద ఇంటి తాళంచెవితో గీకి, ఆ టేపును మార్చి మార్చి తయారుచేశాడు. నువ్వు కూడా కంప్యూటర్‌లో రెడీమేడ్‌గా దొరికే హోరు వాడకుండా చేతికి తగిలే వస్తువుతోనే మొదలుపెట్టు. ఆ శబ్దం కాలం మారినప్పుడు తప్ప మరెప్పుడూ వినిపించకూడదు.

ఇక చిన్నవి. ఒక దృశ్యంలో నాలుగు గొంతులకు మించవద్దు. చాలాసేపు మాట్లాడని పాత్ర శ్రోత దృష్టిలో గదిలోంచి వెళ్లిపోయినట్టే. నీ ఇద్దరు మగ యాత్రికులూ ఒకేలా మాట్లాడుతున్నారు, ఒకరిని పొడి మాటల మనిషిని చెయ్యి. యాత్రికులకు అక్కడి భాష ఎలా అర్థమవుతోందో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు.

రెండో భాగం కాగితం మీద పంపకు. పాత్రలన్నీ నువ్వే చదివి ఫోనులో రికార్డు చేసి పంపు. ఎద్దు దృశ్యం మాత్రం తప్పకుండా ఉండాలి. స్క్రిప్టు చూడకుండా విని, నాకు దారి తప్పిన ప్రతి చోటూ రాసి పంపుతాను.

ప్రేమతో,
మీ మామయ్య