ఐసొలేషన్ వార్డులో నర్సుగా చేరిన మేనకోడలికి

చిరంజీవి కోడలికి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. అంటువ్యాధుల వార్డులో వేశారని, అక్కడ జబ్బు కంటే భయమే ఎక్కువగా కనిపిస్తోందని, ఎంత ధైర్యం చెప్పినా పేషెంట్లకు ఎక్కడం లేదని రాశావు. ఎక్కదు మరి. "ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అని ఆ వార్డులో అందరూ చెప్పేదే. డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి చెప్తాడు, స్ట్రెచర్ తోసుకొచ్చినవాడు చెప్తాడు, ఫోన్లో చుట్టాలు చెప్తారు. మంచం మీద ఉన్న మనిషికి మాత్రం దానివల్ల ఒక్క కొత్త సంగతీ తెలియదు. పైగా ఇంతమంది ఇంత గట్టిగా చెబుతున్నారంటే ఏదో దాస్తున్నారన్న అనుమానం మొదలవుతుంది. అందుకని నా మాట ఒకటే: ధైర్యం చెప్పడం తగ్గించు, కబురు చెప్పడం పెంచు.

కబురంటే పెద్ద విశేషాలేం కావు. జ్వరం నిన్నెంత, ఇవాళెంత. ఆక్సిజన్ నిన్న నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టాం, ఇవాళ ఎంతకు తగ్గించాం. రిపోర్టు ఎప్పుడొస్తుంది, రౌండ్స్ ఎన్నింటికి. తెలియనిదుంటే "ఇంకా తెలియదండీ, సాయంత్రానికి తెలుస్తుంది, వచ్చి చెప్తాను" అను. అన్నాక చెప్పిన టైముకి వెళ్లు. రిపోర్టు రాకపోయినా వెళ్లి, రాలేదనే చెప్పు. రిపోర్టు కోసం కాచుకున్నవాడు అసలు చూసేది నువ్వు వస్తావా రావా అని.

మామూలు వార్డులో దీనికంత శ్రమ అక్కర్లేదు. అటూ ఇటూ తిరుగుతూనే నాలుగు మాటలు కలుస్తాయి. ఐసొలేషన్‌లో గౌను, గ్లౌజులు, మాస్కు తొడుక్కోవాలి కాబట్టి పనులన్నీ మూటగట్టి ఒకేసారి లోపలికి వెళ్తాం. వేరే దారి లేదు, నిజమే. కానీ ఫలితం ఏమిటంటే, అందరికంటే ఎక్కువ భయపడుతున్న మనిషి దగ్గరికి అందరికంటే తక్కువసార్లు వెళ్తాం. తలుపు మూసి ఉంటుంది, చుట్టాలను రానివ్వరు, వచ్చినవాళ్లకు కళ్లు తప్ప మొహం ఉండదు. 2014-15లో లైబీరియాలో ఎబోలా వార్డుల్లో పనిచేసినవాళ్లు తమ నవ్వు మొహం ఫోటోను గౌను మీద అంటించుకుని లోపలికి వెళ్లారు. కోవిడ్ వచ్చాక చాలా దేశాల్లో ఆసుపత్రులు అదే చేశాయి. ఫోటో కుదరకపోతే గౌను మీద స్కెచ్ పెన్నుతో పేరైనా పెద్దక్షరాల్లో రాసుకో. తలుపు అద్దం పక్కనుంచి నువ్వు రోజుకి ఎన్నిసార్లో వెళ్తుంటావు కదా, ఆగి చెయ్యి ఊపు. లోపల ఇంటర్‌కమ్ ఉంటే, పని లేనప్పుడు కూడా ఒకసారి మోగించి పలకరించు. వీటికి గౌను అక్కర్లేదు.

ఒక పెద్దాయన ఉండేవాడు. రాత్రంతా బెల్లు కొట్టేవాడు. ఓసారి నీళ్లు, ఓసారి దిండు, ఓసారి లైటు. స్టాఫ్ అంతా విసిగిపోయారు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, "రాత్రిళ్లు అన్నిటికంటే దేనికి భయమేస్తోంది?" అని అడిగాను. "నిద్రలో ఊపిరి ఆగిపోతే మీకెలా తెలుస్తుంది?" అన్నాడు. మానిటర్ అలారం బయట డెస్కు దగ్గర కూడా మోగుతుందని ఆయనకెవరూ చెప్పనే లేదు. వేలి క్లిప్పు తీసి పక్కన పెట్టాను. బయట అలారం మోగింది, డ్యూటీ సిస్టర్ పరుగున వచ్చి అద్దంలోంచి తొంగి చూసింది. ఆయన ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ రాత్రి బెల్లు మోగలేదని చెప్పను గానీ, బాగా తగ్గింది.

అందుకే "ఎలా ఉన్నారు?" అని అడిగి ఊరుకోకు. దానికి "బాగున్నా"నన్న జవాబు తయారుగా ఉంటుంది. "దేనికి భయమేస్తోంది?" అని అడుగు. అడిగాక రెండో మాట నువ్వు మాట్లాడకు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. కేస్ షీట్‌లో "పేషెంట్‌కి టెన్షన్" అని రాసే ముందు ఒంటిని చూడు. ఉన్నట్టుండి కంగారు పడి, మంచం మీద లేచి కూర్చుని, మాస్కు లాగేస్తున్నాడంటే అది భయం కాకపోవచ్చు, ఆక్సిజన్ తగ్గడం కావచ్చు. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఊపిరి వేగం, నాడి, బీపీ, షుగర్ చూసి, డాక్టరుకు చెప్పి, ఆ తర్వాతే మనసు మాట. ఇవి చూడకుండా పడుకోబెట్టే ఇంజెక్షన్ ఇస్తే, కష్టపడి లాగుతున్న ఊపిరి కూడా మందగిస్తుంది. అలాగే చేరిన రెండు మూడు రోజులకు చేతులు వణికి, చెమటలు పట్టి, నిద్ర లేక, లేనివి కనిపిస్తున్నాయంటే మద్యం అలవాటు గురించి అడుగు. ఇంట్లోవాళ్ల ముందు కాదు, ఒంటరిగా. ఉన్నట్టుండి మద్యం ఆగినందువల్ల వచ్చే అవస్థ కావచ్చు అది, దాని వైద్యం వేరు.

దీనికి తిరగేసినది ఇంకొకటుంది. అది మరీ మోసం చేస్తుంది. చివరి మంచం ఆవిడ ఎవరితోనూ మాట్లాడదని, భోజనం ముట్టకుండా పంపేస్తోందని, డిప్రెషన్ అనుకుంటున్నామని రాశావు. కావచ్చు. కానీ ముందు డెలీరియం, అంటే ఒంటి జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే మతి అయోమయం, కాదని తేల్చుకో. గోల చేసే డెలీరియం అందరికీ కనిపిస్తుంది, నోరు మూసుకుని పడుకునే డెలీరియం ఎవరికీ కనిపించదు. "పాపం, ఏ గొడవా లేని పేషెంట్" అనుకుంటాం. తేడా పట్టడానికి ఒక దారి ఉంది. నెలల పేర్లు వెనక్కి చెప్పమను, డిసెంబరు, నవంబరు, అక్టోబరు అని. డిప్రెషన్ ఉన్న మనిషి విసుగ్గా, నెమ్మదిగా అయినా చాలావరకు చెప్తుంది. డెలీరియంలో ఉన్న మనిషి మధ్యలో దారి తప్పుతుంది, అసలు ఏం అడిగావో మర్చిపోతుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి అయోమయం, మళ్లీ రేపు కాస్త తేట, ఇలా మారుతున్నా అనుమానించాల్సిందే. అప్పుడు వెతకాల్సింది ఇన్ఫెక్షన్ ముదిరిందా, సోడియం తగ్గిందా, మూత్రం ఆగిందా, కొత్త మందేమైనా మొదలైందా అని.

మందుల లిస్టు నువ్వు విడిగా ఒకసారి చదవాలి. మొండి టీబీకి వాడే సైక్లోసెరిన్ దిగులును, భ్రమలను, ఒక్కోసారి చనిపోవాలన్న ఆలోచనను కూడా తెస్తుంది. హెచ్ఐవీకి వాడే ఎఫావిరెంజ్‌తో పీడకలలు, దిగులు వస్తాయి. స్టెరాయిడ్లు కొందరికి నిద్ర పట్టనివ్వవు, కొందరిని అకారణంగా హుషారెక్కిస్తాయి, ఆపేటప్పుడు కుంగదీస్తాయి. "మందు మొదలుపెట్టినప్పటి నుంచీ మనిషి మారిపోయాడు" అని ఇంట్లోవాళ్లు ఫోన్లో అంటే కొట్టిపారేయకు, తేదీలతో సహా షీట్‌లో రాయి. మందు మార్చడం, మోతాదు తగ్గించడం డాక్టర్ల పని. కానీ పేషెంటు తనంతట తాను మాత్ర మానేయకుండా చూడటం మన పని.

డిప్రెషన్‌ని పట్టడం ఈ వార్డులో ఎందుకు కష్టమంటే, జ్వరం కూడా అలాగే ఉంటుంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు ఒంట్లో పుట్టే రసాయనాలు మెదడు మీదా పనిచేస్తాయి. ఆకలి పోతుంది, నీరసం, నిద్ర చెడుతుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. కాబట్టి తిండి, నిద్ర, నీరసం లెక్కలతో తేల్చకు. ఆసక్తి అడుగు, ఆశ అడుగు. మనవరాలు ఫోన్ చేస్తే ఒంట్లో ఓపిక లేకపోయినా మొహం కాస్త వెలుగుతోందా, లేక ఆ ఫోనూ బరువైపోయిందా? "తగ్గాక ఏం చేద్దామనుకుంటున్నారు?" అంటే ఏదో ఒకటి చెప్తున్నారా, "నాకు తగ్గడమేమిటి" అంటున్నారా? 1983లో తయారైన హాడ్స్ అనే ప్రశ్నావళి సరిగ్గా ఈ చిక్కు కోసమే పుట్టింది. ఆసుపత్రి రోగుల కోసం, ఒంటి లక్షణాలను పక్కనపెట్టి, ఆందోళనకు 7, దిగులుకు 7, మొత్తం 14 ప్రశ్నలతో ఉంటుంది. ఒక్కో భాగానికి 21 మార్కులు, 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గట్టిగా పట్టించుకోవాలి, 8 నుంచి 10 మధ్య ఉంటే మళ్లీ చూడాలి. మీ దగ్గర పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ పట్టిక వాడుతుంటే అదీ మంచిదే, కాకపోతే అందులో నిద్ర, ఆకలి, నీరసం ప్రశ్నలున్నాయని గుర్తుంచుకో. ఏదైనా సరే, కాగితం చేతిలో పెట్టి రాకు. నువ్వే చదివి వినిపించు. మార్కులు మనిషిని ఎవరికి చూపించాలో చెప్తాయి, అంతకుమించి జబ్బును నిర్ధారించవు.

పీహెచ్‌క్యూ-9లో 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాని దగ్గర చాలామంది గొంతు తగ్గిస్తారు, కొందరు దాటేస్తారు. దాటేయకు. "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా? అలా చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?" అని బీపీ గురించి అడిగినంత మామూలుగా అడుగు. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు, వెంటనే డాక్టరుకు చెప్పు, "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకు. దిండు కింద, డ్రాయర్లో దాచిన మాత్రలున్నాయేమో, కిటికీ గడియ సరిగ్గా ఉందో లేదో, వేలాడే వైర్లు ఏమున్నాయో చూడు. మూసిన తలుపు వెనక జరిగేది మనకు కనిపించదు కాబట్టి ఈ వార్డులో ఇది ఇంకా ముఖ్యం.

ఇంకొక బరువుంది, మనం అడిగితే తప్ప దాన్ని పేషెంట్లు చెప్పరు. "నావల్ల ఇంట్లోవాళ్లకు అంటుకుంది." జబ్బు కంటే ఇదే ఎక్కువ నలిపేస్తుంది. "అలా అనుకోకండి" అంటే పోయేది కాదు. ఇక్కడా కబురే మందు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చాలాసార్లు తేల్చలేం. టీబీ అయితే సరైన మందులు పడ్డాక అంటించే శక్తి త్వరగా తగ్గుతుందని చెప్పు. హెచ్ఐవీ అయితే పక్కన కూర్చుంటే, కలిసి తింటే, ముట్టుకుంటే రాదని, మందులు క్రమంగా వాడి రక్తపరీక్షకు అందనంతగా వైరస్ తగ్గిపోతే లైంగికంగా కూడా ఇతరులకు సోకదని చెప్పు. ఇంట్లోవాళ్ల పరీక్షలయ్యాయా, ఫలితం ఏమిటో కనుక్కుని, వాళ్ల అనుమతితో వచ్చి చెప్పు. మన ప్రవర్తన కూడా ఒక కబురే సుమా. ట్రే గుమ్మంలో పెట్టి కాలితో తోస్తే, నువ్వు నోటితో ఏం చెప్పినా వినరు. గ్లౌజులు వేసుకున్న చేతినైనా భుజం మీద వెయ్యి. జబ్బు పేరు కారిడార్‌లో గట్టిగా అనకు, "ఆ టీబీ పేషెంట్" అని అసలే అనకు.

నిద్ర గురించి ఎక్కువ రాయను. రాత్రి లైట్లు తగ్గించడం, తప్పనిసరి కాని బీపీలు, ఇంజెక్షన్లు డాక్టరును అడిగి జరపడం, పగలు కిటికీ తెరలు తీయడం, గోడ మీద గడియారం, తేదీ కనిపించేలా పెట్టడం. ఇవి నీకు తెలిసినవే, జరిగేలా పట్టుబట్టడమే కావాలి.

దిగులుకు మందు మొదలుపెడితే అది పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని పేషెంటుకు ముందే చెప్పు, లేకపోతే నాలుగు రోజులకే "పనిచేయలేదు" అని మానేస్తారు. మొండి ఇన్ఫెక్షన్లకు ఇచ్చే లినెజోలిడ్ వాడుతున్నవాళ్లకు దిగులు తగ్గించే మందులు చాలావాటితో కలిస్తే వణుకు, జ్వరం, కంగారుతో ప్రమాదకరమైన రియాక్షన్ రావచ్చు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఉంటే చాలా మందుల బలం తగ్గుతుంది. మానసిక వైద్యుడు రాసిన చీటీ, ఇన్ఫెక్షన్ డాక్టరు రాసిన చీటీ ఒకరివి ఒకరు చూశారా అన్నది నువ్వు అడుగు. ఆ రెండు చీటీలనూ కలిపి చూసే అవకాశం నీకే ఎక్కువ.

డిశ్చార్జ్ రోజున అందరూ సంతోషిస్తారనుకోకు. ఇంటికెళ్తే చుట్టుపక్కలవాళ్లు ఎలా చూస్తారో, మళ్లీ వస్తుందేమో అని అప్పుడే గుబులు మొదలయ్యేవాళ్లు ఉంటారు. 2003లో సార్స్ నుంచి బయటపడినవాళ్లలో చాలామందికి ఆందోళన, దిగులు ఏళ్ల తరబడి ఉన్నాయి. వెళ్లేముందు ఎవరితో కలవచ్చు, ఎవరికి ఎన్నాళ్లు దూరంగా ఉండాలి, ఏ లక్షణం వస్తే రావాలి, మనసు బాగాలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి కాగితం మీద రాసివ్వు. నోటితో చెప్పినవి గేటు దాటేలోపే మర్చిపోతారు.

నీ సంగతి కూడా ఒక మాట. నీక్కూడా నిద్ర పట్టక, డ్యూటీ అంటే గుండె దడ మొదలైతే ఓర్చుకోవడం గొప్పతనమేం కాదు. హెడ్ నర్సుకు చెప్పి వార్డు మార్పించుకో, డాక్టరుకు చూపించుకో.

చివరి మంచం ఆవిడ చేత నెలల పేర్లు చెప్పించి, ఏమైందో రాయి. మందుల లిస్టు కూడా పంపు, చూస్తాను.

ఇట్లు
మీ అత్త